చదివింది బుర్రలో నిలవాలంటే: ఫోన్ ఉన్న ఇంట్లో చదువుకునేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

డీఎస్సీకో, గ్రూప్-2కో, ఇంటర్ పరీక్షలకో ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హాస్టల్లో అయితే ఫోన్ వార్డెన్ దగ్గర ఉంటుంది, గొడవ లేదు. అమలాపురంలోనో, పాలకొల్లులోనో, ఏదో లంక ఊళ్లోనో వసారాలో కూర్చుని చదివేవాళ్ల సంగతి వేరు. నోట్సు వచ్చేది వాట్సాప్ గ్రూపులో. పాఠం ఉండేది యూట్యూబ్‌లో. రొయ్యల చెరువు దగ్గర కరెంటు పోయిందని నాన్న కబురు చేసేదీ ఆ ఫోన్‌కే. "ముందు ఆ ఫోన్ అవతల పడెయ్" అనడం తేలిక. పడేస్తే చదువూ ఆగుతుంది, ఇంటి పనీ ఆగుతుంది.

చదివింది నిలవకపోతే మనవాళ్లు ముందు తమనే తిట్టుకుంటారు, "నాకు పట్టుదల లేదండి" అని. పట్టుదలను కాసేపు పక్కన పెట్టండి. మార్చాల్సినవి రెండు: ఫోన్ ఉండే చోటు, చదివే తీరు. ఈ రెండూ మారితే పట్టుదలతో అంతగా పని పడదు.

మొదలుపెట్టే ముందు: లోపల ఏం జరుగుతుంది

మెదడు చిన్నప్పుడు తయారై అలాగే ఉండిపోయేది కాదు. ఏ పని పదే పదే చేస్తే ఆ పనిలో పాల్గొనే నాడీకణాల మధ్య లంకెలు గట్టిపడతాయి. వాడనివి బలహీనపడతాయి. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే వేలాది వీధులు నోటికి రావాలి. ఎలినార్ మాగ్వైర్ బృందం 2000లో ఆ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే, దారులూ జ్ఞాపకాలూ చూసే హిప్పోక్యాంపస్ అనే భాగం వెనకవైపు మిగతావాళ్ల కన్నా పెద్దగా కనిపించింది. పుట్టుకతో అలా ఉన్నవాళ్లే డ్రైవర్లు అయ్యారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. 2011లో శిక్షణకు ముందూ తర్వాతా స్కాన్ చేసి చూశారు. పరీక్ష గట్టెక్కినవాళ్లలోనే ఆ భాగం పెరిగింది. అంతకుముందు, 2004లో, జర్మనీలో మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది: మూడు నెలల సాధనతో మెదడులో పెరిగిన భాగం, సాధన మానేశాక మళ్లీ తగ్గింది.

వేద పండితులకు పేరుపడ్డ కోనసీమలో ఉండి ఇంకో పరిశోధన చెప్పకపోతే ఎలా? ఏళ్ల తరబడి వేదం కంఠస్థం చేసిన మన దేశపు పండితుల మెదళ్లను స్కాన్ చేసి, 2016లో ఫలితాలు ప్రకటించారు. భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో తేడాలు కనిపించాయి. అయితే ఇది ఒక్కసారి తీసిన స్కాన్. లండన్ డ్రైవర్లకు చేసినట్టు ముందూ వెనకా పోల్చింది కాదు. కాబట్టి వల్లె వేయడం వల్లే ఆ తేడా వచ్చిందని గట్టిగా చెప్పలేం. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు మాత్రం ఈ జాగ్రత్త పాటించవు.

రెండో సంగతి డోపమైన్. దీన్ని అందరూ సుఖమిచ్చే రసాయనం అంటారు కానీ, అసలు పని అది కాదు. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులతో చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే డోపమైన్ కణాలు ఒక్కసారిగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి అర్థమయ్యాక స్పందన రసం దగ్గర లేదు, దీపం దగ్గరకు జరిగింది. వస్తుందనుకున్నది రాకపోతే స్పందన పడిపోయింది. అంటే అది అంచనాకీ, దొరికినదానికీ మధ్య తేడాను కొలుస్తుంది. ఫోన్ మీద వెలిగే చిన్న ఎర్ర చుక్క మనకు ఆ దీపం. రీల్స్‌లో పది చప్పగా ఉండి పదకొండోది కడుపుబ్బ నవ్విస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని ఆ పదకొండోదే వేలిని ఆగనివ్వదు.

అలాగని రీల్స్ చూస్తే మెదడు కుళ్లిపోతుందనేది అతి మాట. ఒకేసారి నాలుగైదు తెరలు చూసే అలవాటున్నవాళ్లు అనవసరమైనదాన్ని వడకట్టడంలో వెనకబడ్డారని స్టాన్‌ఫర్డ్‌లో 2009లో చూశారు. అలవాటు వల్ల అలా అయ్యారో, అలాంటివాళ్లకే ఆ అలవాటు పట్టిందో ఆ పరిశోధన చెప్పలేదు. మనకు కావాల్సినంత వరకూ ఇది చాలు: రోజూ దేన్ని సాధన చేస్తే మెదడు దానికి తగ్గట్టు మారుతుంది. పది సెకన్లకోసారి విషయం మార్చడం కూడా సాధనే.

మొదటి మెట్టు: లెక్క రాయండి

మూడు రోజులు ఏదీ మార్చకండి, రాయండి చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో, ఏ యాప్ నుంచి ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో అందులో కనిపిస్తుంది. గంటల లెక్క కన్నా తెరిచిన సార్ల లెక్క ముఖ్యం. చదువును ముక్కలు చేసేది అదే.

దీనితోపాటు పుస్తకం పక్కన ఒక కాగితం పెట్టుకోండి. చదువు మధ్యలో ఫోన్ తీసిన ప్రతిసారీ, తీయడానికి సరిగ్గా ముందు ఏం జరిగిందో రెండు మాటల్లో రాయండి. "మోగింది." "లెక్క రాలేదు." "పేజీ అయిపోయింది." "ఊరికే." చాలామంది కాగితాల్లో "మోగింది" తక్కువ, "లెక్క రాలేదు" ఎక్కువ. కష్టం తగలగానే చెయ్యి అటు పోతుంది. ఈ సంగతి తెలిశాక వైద్యం ఎక్కడ చేయాలో కూడా తెలుస్తుంది.

రెండో మెట్టు: ఫోన్‌కు ఒక చోటు

చదివే గదిలో ఫోన్ ఉండకూడదు. బోర్లా పెట్టడం, సైలెంట్‌లో పెట్టడం, దిండు కింద పెట్టడం, ఇవేవీ లెక్కలోకి రావు. 2017లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్ల కన్నా పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారు, బల్ల మీది ఫోన్ మోగకపోయినా సరే. తర్వాత ఇదే ప్రయోగం మళ్లీ చేసిన కొందరికి ఆ తేడా కనిపించలేదు కాబట్టి దీన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. పక్క గదిలో పెట్టమనడానికి నా కారణం ఇంకా మోటుది. అక్కడికి వెళ్లాలంటే లేవాలి. లేచేలోపు "ఎందుకు లేస్తున్నాను?" అన్న ప్రశ్న ఒకటి వస్తుంది. చేతికి అందే దూరంలో ఉంటే ఆ ప్రశ్నకు సందే ఉండదు.

మరి చెరువు దగ్గర నుంచి ఫోన్ వస్తే? చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే నిమిషాల మీద పని. అందుకే ఫోన్ ఆపేయమని చెప్పను. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంట్లోవాళ్ల నంబర్లకు మాత్రం స్టార్ గుర్తు పెట్టి వాటిని అనుమతించండి. అదే చోట, ఒకే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే సెట్టింగ్ ఉంటుంది, అదీ ఆన్ చేయండి. రింగు మాత్రం గట్టిగా పెట్టి వంటింట్లో ఉంచండి. "అర్జెంటైతే రెండుసార్లు చెయ్యండి" అని మిగతావాళ్లకు ఒక్కసారి చెబితే సరిపోతుంది. నిజంగా పని ఉన్నవాళ్లు రెండుసార్లు చేస్తారు. టిఫిన్ ఏం తిన్నావని అడిగేవాళ్లు చేయరు.

నోట్సు పీడీఎఫ్ వస్తే ఫోన్‌లో చదవొద్దు, ముఖ్యమైన పేజీలు జెరాక్స్ షాపులో తీయించుకోండి. అయ్యే ఖర్చు నెల రీఛార్జి ముందు ఏపాటిది. వీడియో పాఠాలు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుని, చూసేటప్పుడు డేటా ఆపేయండి. పాఠం పక్కన వరస కట్టే వీడియోల బొమ్మలు కనిపించకపోతేనే సగం గొడవ పోతుంది. వాట్సాప్‌లో పెళ్లిళ్ల గ్రూపు, పదో తరగతి స్నేహితుల గ్రూపు, కొబ్బరి ధరల గ్రూపు, అన్నీ మ్యూట్. రీల్స్ యాప్ తీసేయలేకపోతే వాడిన ప్రతిసారీ లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ కొట్టే బద్ధకం మీ పక్షాన పనిచేస్తుంది.

మూడో మెట్టు: ఒకసారి కూర్చుంటే ఒకే పని

ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. "ఒక్క నిమిషం మెసేజ్ చూసి వస్తాను" అన్నదానికి ఖరీదు ఒక్క నిమిషం కానిది అందుకే.

మన ప్రాంతంలో ఏకాగ్రత అంటే అవధానం గుర్తురావాలి. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిది కడియం. ఈ జంట కవులు శతావధానాలు చేస్తూ ఊరూరా తిరిగిన నేల ఇది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంటుంది. పద్యం అల్లుతున్న అవధానిని పనికిమాలిన ప్రశ్నలతో పక్కకు లాగడమే ఆ పృచ్ఛకుడి పని. అంత సాధన చేసిన అవధానికి కూడా సభలో ఒక్క అప్రస్తుత ప్రసంగిని పెడతారు. మన ఫోన్‌లో ఆ పని చేసే యాప్‌లు ఎన్నో మొదటి మెట్టులో లెక్కపెట్టే ఉంటారు. వాళ్లందరినీ గెలవాలని చూడకండి, సభలోకే రానివ్వకండి.

మొదటి వారం 25 నిమిషాలు కూర్చోండి. తర్వాత నెమ్మదిగా 40, 45కు పెంచండి. గడియారం గోడదై ఉండాలి, ఫోన్‌ది కాదు. వేసవిలో పదకొండు దాటాక ఉక్కపోతలో పుస్తకం పట్టుకున్నా బుర్రకు ఎక్కదు. కష్టమైన సబ్జెక్టు తెల్లవారుజామున పెట్టుకుని, మధ్యాహ్నానికి తేలికపాటివి ఉంచుకోండి.

మధ్యలో బుర్రలో ఏదో ఒకటి మెదులుతుంది: హాల్ టికెట్ వచ్చిందా, మేత డబ్బులు కట్టారా. ఆ కాగితం మీదే రాసి పక్కన పెట్టండి, బ్రేక్‌లో చూసుకోవచ్చు. బ్రేక్ అంటే పెరట్లో నాలుగు అడుగులు, మంచినీళ్లు, కాలవగట్టు దాకా నడక. రీల్స్ చూస్తే అది విరామం కాదు. చదివినది సర్దుకునే లోపే దాని మీద ఇంకో వంద విషయాలు పోసినట్టవుతుంది.

నాలుగో మెట్టు: పుస్తకం మూసి బయటికి తీయండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అందరూ దాటవేసేదీ ఇదే. మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమైపోతుంది. ఆ పరిచయాన్ని చూసి "నాకు వచ్చేసింది" అనుకుంటాం. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో కొందరు పాఠాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 56 శాతం. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత జరగవు కదా.

ఎలా చేయాలో ఒక్క పేజీతో చూద్దాం. గోదావరి డెల్టా పాఠం అనుకోండి. పేజీలో ఉన్నది ఇది: నది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

ఒకసారి నిదానంగా చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. వరస అక్కర్లేదు, వాక్యాలు అక్కర్లేదు. మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది: "కాటన్, 1847లో కట్టారు, గౌతమి, వశిష్ఠ, అంతర్వేది, నాసిక్." ఇక్కడే చెయ్యి పుస్తకం వైపు పోతుంది. పోనివ్వకండి, ఇంకో రెండు నిమిషాలు పెనుగులాడండి. ఆ పెనుగులాటలోనే లంకె గట్టిపడేది. మూడో పాయ ఏదో ఉందని తెలుసు, పేరు నాలుక చివర ఆడుతుంది, వస్తే వస్తుంది, రాకపోయినా ఫర్వాలేదు. ఇప్పుడు పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. 1847 మొదలైన ఏడు, పూర్తయింది 1852. వైనతేయ పూర్తిగా జారిపోయింది. 1,465 ఎగిరిపోయింది. రేపు చదవాల్సింది ఆ ఎర్ర గుర్తులనే, పేజీ మొత్తం కాదు.

ఆ తర్వాత ఎవరికైనా చెప్పండి. ఇంట్లో మామ్మ ఉంటే అంతకు మించిన పరీక్షాధికారి దొరకరు.

"ఆనకట్ట ధవళేశ్వరం దగ్గరే ఎందుకు కట్టారురా?"

"డెల్టాకి తలకాయ అదే కదా మామ్మా."

"తలకాయైతే?"

ఇక్కడ తడబడితే, 1847, 1852 అని అంకెలు బట్టీ పట్టారే గానీ పాఠం అర్థం కాలేదని అర్థం. డెల్టాకు ఎగువన నీటిమట్టం పెంచితే, అక్కడి నుంచి రెండు వైపులా కాలవల్లో నీరు పల్లానికి దానంతటదే పారుతుంది, తోడాల్సిన పని లేదు. ఈ ఒక్క కారణం తెలిస్తే దానికి తగిలించుకుని మిగతావి గుర్తుంటాయి. ఒక్క క్షణంలో మనసు పట్టుకోగలిగినవి నాలుగైదు ముక్కలే. విడివిడి అంశాలను ఒక కారణం కింద కడితే అవన్నీ కలిసి ఒక్క ముక్క అవుతాయి.

ఐదో మెట్టు: ఎడం ఇచ్చి మళ్లీ రండి

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని, అర్థంలేని అక్షరాల గుంపులు నేర్చుకుని ఎంత మరిచిపోతున్నాడో కొలిచి, 1885లో ప్రకటించాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయ్యే శ్రమ ఒక్క రోజులోనే మూడో వంతుకు పడిపోయింది. ఆ తర్వాత మరుపు నెమ్మదించింది. అర్థమున్న పాఠం ఇంత వేగంగా పోదు, తీరు మాత్రం ఇదే.

పేజీ మార్జిన్‌లో నాలుగు తేదీలు వేసుకోండి: రేపు, నాలుగో రోజు, పదో రోజు, నెలకు. ఆ తేదీన మళ్లీ చదవొద్దు, ముందు కాగితం మీద తీసి ఆ తర్వాత చూసుకోండి. పరీక్ష ఎంత దూరంలో ఉంటే ఎడం అంత పెంచుకోవచ్చు.

లెక్కలకు ఇంకో చిట్కా. వడ్డీ లెక్కలు ఇరవై, ఆ తర్వాత నిష్పత్తులు ఇరవై అని చేస్తే చేస్తున్నంతసేపూ బ్రహ్మాండంగా వస్తాయి. పరీక్షలో అన్నీ కలిసి వస్తాయి, ఏ సూత్రం పెట్టాలో తోచదు. వారానికి రెండుసార్లైనా కలగలిపి చేయండి. తప్పులు ఎక్కువొస్తాయి, చిరాకు పడకండి.

ఖాళీ సమయం కూడా ఇందుకే. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూసే పావుగంట ఎవరి చేతిలో చూసినా ఫోనే. ఆ పావుగంటలో నిన్నటి పేజీని తలలోంచి బయటికి తీయొచ్చు.

ఆరో మెట్టు: నిద్ర

ఎలుకలు పగలు తిరిగినప్పుడు హిప్పోక్యాంపస్‌లో కలిసి పనిచేసిన కణాలు, అవి నిద్రపోతున్నప్పుడు మళ్లీ కలిసి చురుకవుతాయని 1994లో గమనించారు. పగటి చదువు చాలావరకు సర్దుకునేది నిద్రలోనే. పరీక్ష ముందు రాత్రంతా మేలుకుంటే ఆ సర్దుబాటుకు తావుండదు. చార్జర్ మంచం దగ్గర నుంచి తీసి హాల్లో పెట్టండి, పొద్దున లేపడానికి ఒక అలారం గడియారం కొనండి. ఈ మెట్టుకు ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఏడో మెట్టు: అలవాటు పడేదాకా

21 రోజుల్లో అలవాటు పడుతుందనే మాటకు ఆధారం లేదు. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన దాంట్లో, ఒక పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికి ఒక్కోలా, 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. ఇది మనకు బాగా కావాల్సిన మాట. భోగి నుంచి ముక్కనుమ దాకా కోనసీమలో పుస్తకం తెరిచేవాళ్లెవరండీ? ప్రభల తీర్థానికి వెళ్లండి, చుట్టాలతో గడపండి. మర్నాడు మాత్రం అదే టైముకు అదే కుర్చీలో కూర్చోండి, పది నిమిషాలైనా సరే.

కొత్త పనిని పాత పనికి తగిలించండి. "రోజూ చదవాలి" అని రాసుకుంటే చదవరు. "పొద్దున కాఫీ గ్లాసు కడిగాక ఫోన్ వంటింట్లో పెట్టి కుర్చీలో కూర్చుంటాను" అని రాసుకోండి. "లెక్క రాకపోతే లేవకుండా ఇంకో మూడు నిమిషాలు కాగితం మీద గీస్తాను" అని ఇంకోటి రాసుకోండి. మొదటి మెట్టులో మీ కాగితం మీద ఎక్కువసార్లు వచ్చిన కారణానికే ఈ రెండో వాక్యం రాయాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు

పిల్లల చేతిలో ఫోన్ లాక్కుంటే రెండు రోజులు ఇల్లు రణరంగం, మూడో రోజు స్నేహితుడి ఫోన్. తమను తాము అదుపులో పెట్టుకోవడానికి పనికొచ్చే మెదడు ముందు భాగం ఇరవయ్యో పడి మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడు తనంతట తాను ఆపుకోవాలని ఆశించడం అన్యాయం. చదువు వేళకు ఇంట్లో ఫోన్లన్నీ ఒకే చోట పెడదామనండి, మీవి కూడా. నాన్న సోఫాలో రొయ్యల కౌంట్ ధరలు చూస్తూ, అమ్మ సీరియల్ పెద్ద సౌండుతో పెట్టి, "చదువుకో నాన్నా" అంటే ఏ పిల్లలూ వినరు.

ఇవన్నీ చేశాక కూడా నిద్ర పట్టకపోయినా, పుస్తకం తెరిస్తేనే గుండె దడ వచ్చినా, ఫోన్ లేకపోతే చెయ్యి వణికినంత పనైనా, అది బద్ధకం కాదు, టెన్షన్ ముదిరిందన్నమాట. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, అర్ధరాత్రైనా ఎత్తుతారు.